ఈవీ చార్జింగ్ మీద ప్రాజెక్టా? ముందు మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లండి

మీరడిగింది: "వైజాగ్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎలక్ట్రిక్ బండ్ల చార్జింగ్ వల్ల గ్రిడ్ మీద పడే భారం గురించి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. నిజంగా అంత ప్రమాదం ఉందా? టాపిక్ తీసుకోవచ్చా?"

తప్పకుండా తీసుకోండి. నేనూ ఈ ఊళ్లోనే చదివి, దీని మీదే ప్రాజెక్టు చేశాను. ప్రమాదం ఉంది గానీ, అందరూ చెప్పే చోట లేదు.

పెద్ద గ్రిడ్, అంటే దేశమంతా కరెంటు మోసే లైన్ల వల, దాని సంగతి ముందు తేల్చేద్దాం. విశాఖలో లక్ష స్కూటర్లు ఒకేసారి ప్లగ్గులో పెట్టారనుకోండి. ఒక్కోటి 750 వాట్లు లాగితే మొత్తం 75 మెగావాట్లు. పరవాడ దగ్గరి సింహాద్రి ప్లాంటు ఒక్కటే 2000 మెగావాట్లది. 2024 మే 30న దేశం మొత్తం డిమాండు 250 గిగావాట్లకు చేరితే గ్రిడ్ దాన్నీ మోసింది. 2012 జూలైలో వరసగా రెండు రోజులు గ్రిడ్ కూలి సగం దేశం చీకటైపోయిందంటే, 400 కేవీ బీనా-గ్వాలియర్ లైను ట్రిప్పవడంతో (దానంతటదే ఆగిపోవడంతో) అది మొదలైంది. ఆ రెండో రోజు పక్కనున్న తూర్పు గ్రిడ్ కూడా కూలినా మనకేం కాలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికింకా మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో నడవడం లేదు. ఒడిశా వైపు నుంచి కరెంటు గాజువాక హెచ్‌వీడీసీ (హై ఓల్టేజీ డీసీ) స్టేషన్‌లో డీసీగా మారి, మళ్లీ ఏసీ అయి ఇటు వచ్చేది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. గాజువాక మీదుగా రోజూ కాలేజీ బస్సులో వెళ్తూ ఆ స్టేషన్ పేరు కూడా వినని ఈఈఈ విద్యార్థుల్ని చాలామందిని చూశాను. నాకు బాధగా ఉంటుంది.

అసలు ఇబ్బంది వీధిలో ఉంది. మా గైడ్ మాకు 33 బస్ సిస్టమ్ ఇచ్చారు. ఇక్కడ బస్ అంటే బండి కాదు, లైన్లు కలిసే చోటు. 1989లో బారన్, వూ అనే ఇద్దరు వాడిన నమూనా అది, మొత్తం లోడు 3.7 మెగావాట్లు. దాని మీద పార్టికల్ స్వార్మ్ (మంచి జవాబుని వెతికే ఒక కంప్యూటర్ పద్ధతి) పెట్టి, చార్జింగ్ స్టేషన్ ఏ బస్‌లో ఉండాలో తేల్చమన్నారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే పని జరుగుతుంది. ద్వారకానగర్ చుట్టుపక్కల ప్రాజెక్టులు అమ్మే చోట కోడుతో సహా దొరుకుతుంది కూడా. ఆ నమూనాలో మూడు ఫేజుల (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకి కరెంటు తెచ్చే మూడు విడి తీగల) మీదా లోడు సమానంగా ఉంటుందని లెక్క. మురళీనగర్‌లో మా వీధిలో మాత్రం అలా ఉండదు.

మే నెలలో ఒక రాత్రి ఎనిమిది దాటాక, కరెంటాఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి అనుమతితో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడ్డాం. దాని సామర్థ్యం 100 కేవీఏ, అంటే ఒక్కో ఫేజుకి 133 ఆంపియర్లు మించకూడదు. లైన్‌మన్ టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే మీటరు) పెట్టి చదువుతుంటే మేం రాసుకున్నాం. ఆర్ ఫేజు 158, వై ఫేజు 74, బి ఫేజు 61. మొత్తం కలిపి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ముప్పాతిక లోడు కూడా లేదు, కానీ ఒక ఫేజు మాత్రం కాలిపోతోంది. "ఏటి బాబూ, మీ లేప్‌టాప్‌లో మూడూ ఒకేలాగున్నాయా? ఇక్కడ సూడండి మరి" అన్నాడాయన.

వీధి మధ్యలో డెలివరీ కుర్రాళ్లుండే మెన్స్ హాస్టల్ ఉంది. వాళ్లవి అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్లు, హాస్టల్ కనెక్షను ఆర్ ఫేజు మీద ఉంది. ఒక్కోటి మూడు ఆంపియర్ల పైనే లాగుతుంది, పది పెడితే 33. పక్క అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్లన్నీ కూడా అదే ఫేజు మీద ఉన్నాయి. వీటికి తోడు ఏసీలు. ఇంట్లో 7.2 కిలోవాట్ల కారు చార్జరు ఒక్కటి పెట్టుకున్నా, ఒకే ఫేజు నుంచి 31 ఆంపియర్లు పోతాయని గుర్తుంచుకోండి.

ఆ లైను చివరింట్లో జాకెట్లు కుట్టే ఒక అక్క ఉంది. కుట్టుమిషనుకి మోటారు పెట్టుకుంది. ఓల్టేజీ పడిపోయిన ప్రతిసారీ గోడ క్యాలెండర్ మీద, తిథుల పక్కన, టైము రాసిపెట్టుకుంది. ఏడున్నరకి తగ్గుతుంది, పదకొండుకి వస్తుంది. స్కూటర్లు ఫుల్ అయ్యే వేళ కూడా పదకొండే. మేం కొలిచినప్పుడు ఆమె ఇంట్లో 192 ఓల్టులు ఉంది. నేను చదివిన ఏ పేపర్లోనూ అంత శ్రద్ధగా తీసిన డేటా చూడలేదు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

మర్నాడు సప్లై ఆపి, హాస్టల్ సర్వీసు వైరుని ఆర్ నుంచి బి ఫేజుకి మార్చారు. ఆ రాత్రి ఆర్ 118, బి 101 చూపించాయి. అక్క ఇంట్లో 214 ఓల్టులు వచ్చింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అవసరమే పడలేదు. వైజాగ్‌లో లో ఓల్టేజీ ఫిర్యాదుల్లో సగం ఇలా ఫేజులు సరిగా పంచకపోవడం వల్లే అని నా గట్టి నమ్మకం.

మీ ప్రాజెక్టులో న్యూట్రల్‌ని (మూడు ఫేజులకీ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్లే తీగని) వదలొద్దు. ఫేజుల మధ్య తేడా అంతా న్యూట్రల్‌లోనే ప్రవహిస్తుంది. చవక చార్జర్ల నుంచి వచ్చే మూడో హార్మోనిక్ (మామూలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లతో వచ్చే అనవసర కరెంటు) కూడా అక్కడే పోగవుతుంది. మన సముద్రపు ఉప్పుగాలికి లగ్గులు (తీగల్ని బిగించే లోహపు కొసలు) తుప్పు పడతాయి. న్యూట్రల్ ఊడిందంటే కొన్ని ఇళ్లకి 230 బదులు 400 ఓల్టుల దాకా వెళ్లి టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి.

ఇంకోటి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు సెల్లార్‌లో చార్జింగ్ పెట్టొద్దని బోర్డులు కడుతున్నాయి. దాంతో జనం మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీస్తున్నారు. అగ్ని ప్రమాదం భయం ఉంటే సరైన వైరింగు, ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించాలి గానీ, జనాన్ని ఇంత ప్రమాదంలోకి తోస్తారా? సౌర విద్యుత్తు ఉండే పగటి గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలని 2023లో కేంద్రం నియమం చేసింది. కానీ పగలు బండి ఆఫీసులోనో కాలేజీలోనో ఉంటుంది. ప్లగ్గులు అక్కడ పెట్టకుండా ధర తగ్గిస్తే ఎవరికి ఉపయోగం? మీ కాలేజీ పార్కింగ్‌లో ఎన్ని పాయింట్లున్నాయో ఒకసారి లెక్కపెట్టండి, అది కూడా రిపోర్టులో రాయండి.

పని మొదలుపెట్టే ముందు ఏఈ గారికి మీ హెచ్‌ఓడీ (శాఖాధిపతి) సంతకంతో లేఖ ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్‌ని గానీ వైర్లని గానీ మీరు ముట్టుకోవద్దు, రీడింగు లైన్‌మనే తీయాలి. ఫైనల్ ఇయర్ రిపోర్టులు సాధారణంగా ఏప్రిల్లోనే అడుగుతారు, ఏసీల లోడేమో మే నెలలో వస్తుంది. అందుకే చాలామంది చలికాలం రీడింగులతో సరిపెట్టేసి "సమస్య లేదు" అని రాసేస్తారు. మీకింకా మూడో సంవత్సరమే కాబట్టి, ఈ మే నెలలోనే రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా మూడు ఫేజుల రీడింగులూ విడివిడిగా తీయించి పెట్టుకోండి. సిమ్యులేషన్ ఆగస్టులో చేసుకోవచ్చు.