ఈ మాట నీకెలా తెలిసింది అని పుస్తకాన్ని అడుగు

ఒరే చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. మీ వేళచ్చేరి అపార్ట్‌మెంట్‌లో లైబ్రరీ పెడదాం అనుకోవడం, అందరూ ఇళ్ళల్లోంచి పుస్తకాలు తెచ్చి అట్టపెట్టెల్లో పడేయడం, అసోసియేషన్ వాళ్ళు ఆ పని నీకు అప్పజెప్పడం, అన్నీ విని చాలా సంతోషం వేసింది. కథలూ నవలలూ నేను చూస్కుంటా పెద్దమ్మా, ఈ మిగతావే అర్థం కావట్లేదు, హెల్త్ అంట, షేర్ మార్కెట్ అంట, గాంధీగారి ఆత్మకథ అంట, నిజాం చరిత్ర అంట, వీటిల్లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎలా చెప్పేది అన్నావు. కాలేజీ లైబ్రరీలో అన్నేళ్ళు నేను చేసింది ఈ పనే కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

మంచి పుస్తకం, చెత్త పుస్తకం అని రెండు పెట్టెలు పెట్టుకుని మాత్రం మొదలెట్టొద్దు, రెండో రోజుకే ఇరుక్కుపోతావు, ఎందుకంటే ఇలాంటి పుస్తకాలు చాలావరకు కొన్ని చోట్ల గట్టిగా ఉంటాయి కొన్ని చోట్ల డొల్లగా ఉంటాయి. ఆ గట్టి చోటు ఎక్కడ, డొల్ల ఎక్కడ అని కనిపెట్టడమే నీ పని. నేను ఏ పేజీ తీసినా అడిగేది ఒక్కటే, ఈ మాట రాసినాయనకి ఎలా తెలిసింది? కళ్ళారా చూశాడా, కాగితాలు తిరగేశాడా, ప్రయోగం చేశాడా, ఇంకో పుస్తకంలోంచి తెచ్చాడా, లేకపోతే తనకి అలా అనిపించిందా? అనిపించింది రాయడం తప్పేం కాదు, కానీ అనిపించిందే అని మనకి తెలియాలి, అనిపించిన దాన్ని ప్రయోగంలో తేలినట్టు రాశాడంటే ఆ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు.

నీకు బాగా తెలిసిన విషయంతో మొదలెట్టు. ఆ పెట్టెల్లో చెన్నై వరదల గురించి రెండు మూడు పుస్తకాలు తప్పకుండా ఉంటాయి. 2015 డిసెంబర్ 1న మొదలైన వాన తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది, చెంబరంబాక్కం చెరువు నుంచి అడయార్ నదిలోకి 29 వేల క్యూసెక్కులు వదిలారు, ఇవి అందరూ రాస్తారు. చెరువు నీళ్ళు అంతా ఒకేసారి వదిలేశారు అందుకే ఊరు మునిగింది అని ఒక పుస్తకం చెప్పిందనుకో, సైదాపేట, కొట్టూరుపురం మునగడానికి ఆ కారణం సరిపోతుంది, అవి నది ఒడ్డున ఉన్నాయి. మరి మీ వేళచ్చేరి సంగతేంటి? అక్కడ చెరువు కుంచించుకుపోయింది, చుట్టూ ఇళ్ళు లేచాయి, నీళ్ళు పోయి చేరాల్సిన పళ్ళికరణై చిత్తడి నేల చాలామటుకు తగ్గిపోయింది, అడయార్ పొంగకపోయినా మీ వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు వస్తాయని నీకు వేరే చెప్పక్కర్లేదు. అంటే ఆ పుస్తకం ఒక సగం ఊరికి పనికొచ్చే కారణాన్ని మొత్తం ఊరికి అంటగట్టింది. ఇంక దాన్ని అవతల పారేయాలా అంటే అక్కర్లేదు, చెరువు గేట్లు ఎప్పుడు ఎంత ఎత్తారో గంటలవారీగా రాసి ఉంటే ఆ భాగం బంగారం, ఉంచు. నీ వీధి గురించి ఇలా రాసినవాళ్ళు నీకు తెలియని ఊరి గురించి ఎలా రాసుంటారో ఆలోచించుకుని మిగతా పేజీలు చదువు. ఏ పుస్తకం తీసినా ముందు ఇండెక్స్ తెరిచి నీకు తెలిసిన ఊరో మనిషో పనో ఉందేమో చూసి అక్కడికే వెళ్ళు, మొదటి అధ్యాయం నుంచి మొదలెడితే రచయిత నిన్ను తన దారిలో నడిపించేస్తాడు.

నిజాం చరిత్ర అన్నావు కదా, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నా దృష్టిలో ఈ విద్య నేర్చుకోవడానికి మన తెలుగువాళ్ళకి ఇంతకంటే మంచి సబ్జెక్ట్ లేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వెళ్ళింది, 17కల్లా అయిపోయింది. అప్పుడు అక్కడున్న వాళ్ళే పుస్తకాలు రాశారు. కె.ఎం. మున్షీ భారత ప్రభుత్వం తరఫున హైదరాబాద్‌లో ఏజెంట్ జనరల్, ఆయన పుస్తకం 1957లో వచ్చింది. మీర్ లాయక్ అలీ నిజాం ఆఖరి ప్రధాని, తర్వాత పాకిస్తాన్ వెళ్ళిపోయి 1962లో రాశాడు. పుచ్చలపల్లి సుందరయ్యగారు సాయుధ పోరాటం నడిపిన నాయకుల్లో ఒకరు, ఆయన పుస్తకం 1972లో వచ్చింది. ముగ్గురూ అక్కడే ఉన్నారు, ముగ్గురి పుస్తకాలూ చదివితే మూడు వేరే వేరే ఊళ్ళలో జరిగినట్టు ఉంటుంది. దీన్ని చూసి అందరూ అబద్ధాలకోరులే అనేసే కుర్రాళ్ళు నా దగ్గరికి చాలామంది వచ్చేవాళ్ళు, నాకది సోమరితనం అనిపించేది. ఎవరు ఎక్కడ నిలబడి చూశారో పెట్టుకుని చదవాలి. ఢిల్లీకీ నిజాం ప్రభుత్వానికీ మధ్య మాటలు ఎలా నడిచాయో మున్షీకి తెలుసు, నల్గొండ జిల్లాలో ఒక ఊళ్ళో దొర గడీ ముందు ఏం జరిగిందో ఆయనకి వేరేవాళ్ళు చెప్తేనే తెలియాలి. ఆ ఊళ్ళు సుందరయ్యగారికి తెలుసు, పేర్లతో సహా రాశారు. నిజాం మంత్రివర్గంలో ఎవరేమన్నారో లాయక్ అలీకి తెలుసు.

ఇంకో సంగతి, తన వాళ్ళు చేసిన హింస గురించి రాసేటప్పుడు ప్రతి ఒక్కరి గొంతూ మారుతుంది, అది గమనించు. అవతలివాళ్ళు చంపారు అని రాసినాయనే తనవైపుకి వచ్చేసరికి కొన్ని సంఘటనలు జరిగాయి అని రాస్తాడు. ఎవరు చేశారో వాక్యంలోంచి మాయమైపోయిన చోటల్లా ఆగి రెండోసారి చదువు. అలాగే ఒకే పార్టీ వాళ్ళందరూ ఒకటే రాస్తారనుకోవద్దు, పోలీస్ యాక్షన్, అంటే ఆ సైన్యం రావడం, అయ్యాక కూడా పోరాటం కొనసాగించాలా అన్నదాని మీద సుందరయ్యగారిదో మాట, రావి నారాయణరెడ్డిగారిదో మాట, ఇద్దరూ కమ్యూనిస్టు నాయకులే. ఇద్దరివీ ఒకే అరలో పక్కపక్కన పెట్టు, ఒకటి తీసుకెళ్ళినవాళ్ళకి రెండోది కూడా కనపడాలి.

ఆత్మకథలకి కూడా ఇదే కొలత. గాంధీగారిది 1925 నుంచి 1929 దాకా నవజీవన్ పత్రికలో వారం వారం వచ్చింది, అందుకే అధ్యాయాలు అంత చిన్నగా ఉంటాయి. కథ 1921 దగ్గర ఆగిపోతుంది. ఉప్పు సత్యాగ్రహం గురించి స్కూల్ ప్రాజెక్టుకి అని ఎవరైనా పిల్లాడు అడిగితే ఇది ఇచ్చి పంపించేస్తావేమో, అందులో అది లేదు, 1930 నాటి మాట అది. తన మనసులో ఏం జరిగిందో చెప్పడంలో ఆ పుస్తకానికి సాటి లేదు, కస్తూర్బాగారు ఏమనుకున్నారో మాత్రం అందులో ఆయన చెప్తేనే మనకి తెలుస్తోంది, ఆవిడ మాట నేరుగా లేదు. ఏ ఆత్మకథ చదివినా ఇంట్లో మిగతావాళ్ళ గొంతు వినపడుతోందా అని చూడు.

ఇంక సైన్స్, హెల్త్. నువ్వు ఇంజనీర్‌వి కాబట్టి గ్రాఫ్ కనపడగానే నమ్మేస్తావు, అక్కడే జాగ్రత్త. మాథ్యూ వాకర్ నిద్ర మీద రాసిన వై వీ స్లీప్ అని 2017 పుస్తకం ఒకటి ఉంది, మీ పెట్టెల్లో కూడా ఉండే ఉంటుంది. అందులో క్రీడాకారుల నిద్ర తగ్గే కొద్దీ దెబ్బలు పెరుగుతాయని ఒక గ్రాఫ్ వేశారు. అసలు పరిశోధనలో 5 గంటలు నిద్రపోయిన వాళ్ళ గీత కూడా ఉంది, వాళ్ళకి 6 గంటల వాళ్ళకంటే దెబ్బలు తక్కువ, పుస్తకంలో ఆ ఒక్క గీత లేదు. 2019లో ఒకాయన కూర్చుని పుస్తకాన్నీ అసలు పేపర్‌నీ పక్కపక్కన పెట్టి చూసి బయటపెట్టాడు. చూడు, దానికి డాక్టరేట్ అక్కర్లేదు, ఓపిక కావాలి అంతే. నిద్రని చిన్నచూపు చూడొద్దని కొన్ని లక్షల మందికి నచ్చజెప్పింది ఆ పుస్తకం, అది చిన్న విషయం కాదు, కానీ అంకెలు అవసరమైనవాళ్ళు దాని మీద ఆధారపడకూడదు. పుస్తకంలో పెట్టే కార్డు మీద ఈ రెండూ రాయాలి నువ్వు.

డేనియల్ కానమన్ అనే సైకాలజిస్ట్ రాసిన థింకింగ్ ఫాస్ట్ అండ్ స్లో కథ వేరు. 2011లో వచ్చింది, అందులో ప్రైమింగ్ అనే విషయం మీద ఒక అధ్యాయం ఉంది, అంటే చుట్టూ ఉన్న చిన్న చిన్న సూచనలు మనకి తెలియకుండానే మన ప్రవర్తన మార్చేస్తాయని. ఆ ప్రయోగాలు వేరేవాళ్ళు మళ్ళీ చేస్తే చాలా వాటిల్లో అదే ఫలితం రాలేదు. కానమన్ 2017లో తనే ఒప్పుకున్నాడు, చాలా తక్కువమందితో చేసిన ప్రయోగాల మీద అతిగా నమ్మకం పెట్టుకున్నానని. మరి పుస్తకం పోయినట్టేనా? లేదురా. లాభం మీద ఆశ కన్నా నష్టం అంటే భయం మనిషికి ఎందుకు ఎక్కువ అన్న భాగం ఆయనా, తోటి పరిశోధకుడు ట్వర్‌స్కీ కలిసి ఏళ్ళ తరబడి చేసిన సొంత పని, వేరేవాళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ పరీక్షించారు, అది వేరే పునాది. ఒక గోడ బీటలిచ్చిందని ఇల్లంతా పడగొట్టం కదా. ఆ అధ్యాయం మొదటి పేజీలో చిన్న కాగితం అంటించు, దీన్ని తర్వాత ప్రశ్నించారు, రచయితే ఒప్పుకున్నాడు అని. తప్పు ఒప్పుకున్న రచయిత మిగతా మాటలకి నేను ఇంకొంచెం ఎక్కువ విలువ ఇస్తా.

బిజినెస్ పుస్తకాలు మీ ఓఎంఆర్ ఐటీ ఆఫీసుల జనం దగ్గర గుట్టలుగా ఉంటాయి. జిమ్ కాలిన్స్ గుడ్ టు గ్రేట్ 2001ది, మామూలు స్థాయి నుంచి గొప్పగా ఎదిగిన 11 కంపెనీలు తీసుకుని వాటిలో ఉమ్మడిగా ఏముందో వెతికాడు. ఆ 11లో సర్క్యూట్ సిటీ అనే ఎలక్ట్రానిక్స్ షాపుల కంపెనీ ఒకటి, 2008లో దివాలా తీసింది. ఇళ్ళ అప్పుల కంపెనీ ఫానీ మే ఇంకొకటి, అదే ఏడాది అమెరికా ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. కష్టపడి డేటా పోగేశాడు, పోల్చడానికి వేరే కంపెనీలని కూడా పెట్టాడు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ గెలిచినవాళ్ళని ముందు ఎంచుకుని తర్వాత కారణాలు వెతికితే, అవే పనులు చేసి ఓడిపోయినవాళ్ళు లెక్కలోకి ఎలా వస్తారు? సక్సెస్ అనే మాట అట్ట మీద ఉన్న ప్రతి పుస్తకాన్నీ ఈ ప్రశ్న అడుగు, సగం నోరు తెరవలేవు.

డబ్బు పుస్తకాలకి తారీఖే ప్రాణం. షేర్ల మీద లాంగ్ టర్మ్ లాభాలకి టాక్స్ లేదు అని రాసిందంటే అది 2018 బడ్జెట్‌కి ముందుది, తర్వాత 10 శాతం అయింది, 2024 జులై నుంచి 12.5. అట్ట వెనకాల కొత్త సంవత్సరం చూసి మోసపోవద్దు, రీప్రింట్ వేరు రివైజ్డ్ ఎడిషన్ వేరు, రీప్రింట్ అంటే పాత అక్షరాలే కొత్త కాగితం మీద. పొదుపు ఎందుకు చేయాలి, అప్పు ఎలా ముంచుతుంది లాంటి అధ్యాయాలు పాతబడవు, టాక్స్ అధ్యాయం ఉన్నచోట మాత్రం ఏ ఏడాదిదో పెద్ద అక్షరాలతో రాసి పెట్టు.

అనువాదాలు వచ్చినప్పుడు ఒకటి చూడు, ఇంగ్లీష్‌లో చివర యాభై పేజీల నోట్స్, ఇండెక్స్ ఉంటాయి, తెలుగులోకి వచ్చేసరికి చాలాసార్లు అవి ఎగిరిపోతాయి, ఖర్చు తగ్గుతుందని. అప్పుడు రచయితకి ఎలా తెలిసిందో మనకి తెలిసే దారి మూసుకుపోతుంది, అది అసలు పుస్తకం లోపం కాదు ఈ ప్రచురణ లోపం. అట్ట మీద పెద్దవాళ్ళ పొగడ్తలు వదిలెయ్. చదవడానికి హాయిగా ఉంది అన్నది ఒక బలమే, నేను కాదనను, కానీ హాయిగా సాగిపోయే పుస్తకాన్నే నెమ్మదిగా చదవాలి. మద్రాస్ ప్రెసిడెన్సీ నాటి జిల్లా మాన్యువల్స్, గెజిటీర్లు ఎవరికీ చదవబుద్ధి కాదు, అయినా ఏ తాలూకాలో ఎన్ని చెరువులు, శిస్తు ఎంత అన్నది అందులో ఉన్నంత వివరంగా ఇంకెక్కడా దొరకదు, రైతు ఏమనుకున్నాడు అన్నది మాత్రం అందులో వెతకొద్దు, కలెక్టర్ బంగళాలోంచి చూసి రాసినవి అవి.

ఏదైనా పుస్తకం దగ్గర తేల్చుకోలేకపోతే ఒక శనివారం కొట్టూరుపురం అన్నా సెంటినరీ లైబ్రరీకి వెళ్ళి అదే సబ్జెక్ట్ మీద ఇంకో మూడు తీసి టేబుల్ మీద పరుచుకో, లేదా ఎగ్మోర్ కన్నెమరాకి వెళ్ళు, దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ చట్టప్రకారం పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి, పాతవి అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. ఒకే సంఘటన నాలుగింట్లో ఎలా ఉందో చూస్తే ఒకదాంట్లో ఏం వదిలేశారో దానంతటదే కనపడుతుంది, ఒక్క పుస్తకమే చదివితే అందులో లేనిది ఎప్పటికీ తెలియదు.

తర్వాత ప్రతి పుస్తకం లోపల ఒక కార్డు పెట్టు, మూడే వాక్యాలు. ఇది దేనికి పనికొస్తుంది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి, దీంతోపాటు ఇంకేం చదవాలి. బాగుంది, అద్భుతం, తప్పక చదవండి అని రాయొద్దు, మీ కింది ఫ్లోర్ తాతగారికి దానివల్ల ఏం తెలుస్తుంది చెప్పు.

ముందు హెల్త్ పెట్టె తెరువు. మిగతా వాటిల్లో తప్పుంటే ఎవరో ఒకరు తప్పుగా మాట్లాడతారు అంతే, ఇందులో తప్పుంటే మనిషికే ముప్పు. షుగర్ మాత్రలు ఆపేయండి, ఇన్సులిన్ అక్కర్లేదు, ఈ కషాయంతో క్యాన్సర్ తగ్గుతుంది అని రాసినవాటికి బలాలూ లోపాలూ అని కార్డు రాయక్కర్లేదు, ఎవరిచ్చినా సరే, ఎంత పెద్దాయన ఇచ్చినా సరే అరలో పెట్టొద్దు. ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు అని నీకు మొహమాటంగా ఉంటే నా పేరు చెప్పు, మా పెద్దమ్మ లైబ్రేరియన్, ఆవిడ వద్దంది అని. అనుమానంగా ఉన్నవి ఆదివారం పొద్దున పెరంబూర్‌కి పట్టుకురా, భోజనానికి ఇక్కడే ఉండు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ