నేపాల్ యాత్రకు ఆధార్ చాలంటున్నారు, మరి పాస్‌పోర్ట్ ఎందుకు?

కావలి నుంచి అమ్మానాన్నలను కాశీ, నేపాల్ యాత్రకు పంపుతున్నామని, టూర్ వాళ్ళు "ఆధార్ ఉంటే చాలు" అన్నారని రాశారు. ఆ మాట నమ్మి మాత్రం పంపకండి. మనవాళ్ళకు నేపాల్, భూటాన్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టే ఉండి తీరాలన్న రూలు కూడా లేదు, అంతవరకు నిజమే. అయితే విమానంలో వెళ్ళేటప్పుడు పాస్‌పోర్ట్ లేకపోతే చూపించాల్సింది ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. ఆధార్‌ని ఒప్పుకునేది 15 ఏళ్ళ లోపు పిల్లలకు, 65 దాటిన పెద్దవాళ్ళకు.

మా బాబాయ్ విషయంలో ఇది కళ్ళారా చూశాను. ఆయన్నీ మా మేనత్తనీ నేపాల్‌లో ఉన్న ముక్తినాథ్ గుడికి తీసుకెళ్దామని ఒంగోలు నుంచి రైల్లో ఢిల్లీ వెళ్ళి, అక్కడ ఖాట్మండు విమానానికి కౌంటర్ దగ్గర నిలబడ్డాం. అత్తకు 65 దాటాయి, ఆధార్ చూసి బోర్డింగ్ పాస్ ఇచ్చేశారు. బాబాయ్ ఆమెకంటే చిన్నవాడు, ఆయన్ని ఆపేశారు. "ఏందబ్బాయ్, ఒక కడుపున పుట్టినోళ్ళం, అక్క కార్డు చెల్లినప్పుడు నా కార్డు చెల్లకపోవడం ఏంది?" అని ఆయన అడుగుతుంటే నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఓటరు కార్డు ఇంట్లో బీరువాలో ఉంది. పిన్ని వాట్సాప్‌లో ఫోటో పంపింది గానీ ఒరిజినల్ కావాలన్నారు. తమ్ముణ్ణి వదిలి నేను పోనని అత్త కూడా వెనక్కి తిరిగింది. ఎన్నో ఏళ్ళుగా అనుకున్న యాత్ర అట్లా ఆగిపోయింది, ఆ బాధ ఆవిడకు ఇప్పటికీ ఉంది.

కౌంటర్‌లో ఉన్నవాళ్ళను తప్పు పట్టలేం. సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే అవతలి దేశం వెనక్కి పంపుతుంది, ఆ భారం ఎయిర్‌లైన్ మీదే పడుతుంది, చాలా దేశాల్లో జరిమానా కూడా. అందుకే వాళ్ళు ఎక్కకముందే ఆపుతారు.

ఓటరు కార్డు ఉంది కదా అంటారేమో. మన కార్డుల సంగతి మీకు తెలియంది కాదు. ఒకదాంట్లో ఇంటిపేరు ముందుంటుంది, ఒకదాంట్లో ఒట్టి ఇనీషియలే, ఇంకోదాంట్లో అదీ ఉండదు, వెంకటసుబ్బయ్య అన్న పేరుకి ఇంగ్లీషు స్పెల్లింగ్ కార్డుకో రకం, ఫోటో అయితే పాతికేళ్ళ కిందటిది. టికెట్ ఆధార్ ప్రకారం బుక్ చేసి ఓటరు కార్డు చూపిస్తే అక్కడ మళ్ళీ టెన్షన్. పాస్‌పోర్ట్‌లో పేరు, పుట్టిన తేదీ, పౌరసత్వం ఒకే పేజీలో ఉంటాయి, ఆ పేజీ అడుగున ఉండే రెండు వరుసల అక్షరాలను ఏ దేశపు మెషినైనా ఒకే పద్ధతిలో చదువుతుంది.

ఇంకో సంగతి, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. ఆధార్ గుర్తింపుకే గానీ పౌరసత్వానికి రుజువు కాదని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. ముక్తినాథ్ మూడు వేల ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ పెద్దవాళ్ళకు ఊపిరి ఆడక ఇబ్బంది పడితే, లేదా బ్యాగే పోతే, ఖాట్మండు లైన్‌చౌర్‌లో ఉన్న మన ఎంబసీకి పరిగెత్తాలి. మీరు భారతీయులేనని వాళ్ళు ముందు తేల్చుకోవాలి కదా. పాస్‌పోర్టే పోయినా సరే, దాని జిరాక్స్, నంబరు ఉంటే పోలీసు రిపోర్టుతో పాటు ఇచ్చి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడగొచ్చు. అది ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది, ఇంకో దేశం వెళ్ళడానికి కాదు.

నేపాల్, భూటాన్ వదిలేస్తే ఇక చర్చే లేదు, 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది లేకుండా దేశం దాటడమే నేరం. శ్రీలంక, సింగపూర్, మలేసియా లాంటి చోట్లకి పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మన వైపు నుంచి కువైట్ పనికి వెళ్ళేవాళ్ళకు కూడా ఒక మాట: యజమాని మీ పాస్‌పోర్ట్ తన దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారం కూడా కుదరదు. అది భారత ప్రభుత్వ ఆస్తి అని ఆ పుస్తకంలోనే అచ్చేసి ఉంటుంది, ధైర్యంగా అడగండి.

36 పేజీల పుస్తకానికి ఫీజు 1500 రూపాయలు, అరవై దాటినవాళ్ళు కొత్తగా తీసుకుంటే పది శాతం తగ్గింపు ఉంది. తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో గానీ దగ్గర్లోని పోస్టాఫీసు కేంద్రంలో గానీ స్లాట్ తీసుకోండి, పోలీస్ వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడు అమ్మానాన్నలు ఊళ్ళో ఉండేలా చూసుకోండి. టూర్ వాళ్ళకు పూర్తి డబ్బు కట్టేది పుస్తకాలు చేతికొచ్చాకే. వచ్చాక జిరాక్స్ ఒకటి వేరే బ్యాగులో పెట్టి, ఫోటో మీ ఫోన్లో కూడా ఉంచుకోండి. ఈలోగా తేదీ దగ్గర పడితే మాత్రం ఇద్దరి ఓటరు కార్డులూ బయటికి తీసి, టికెట్ మీద వేయించే పేరు అక్షరం అక్షరం కార్డులో ఉన్నట్టే ఉందో లేదో చూడండి.