ఇ-సిగరెట్ తాగేవాణ్ణి బీడీల గుంపులోకి తోలితే ఎవరికి మేలు?

న్యూయార్క్‌లో చేసినట్టు మన మునిసిపాలిటీలు కూడా హోటళ్లు, పార్కుల్లో ఇ-సిగరెట్ తాగొద్దని రూల్ పెడితే మంచిదేనా అని అడిగారు. మంచిది కాదండి, నేను గట్టిగా వ్యతిరేకిస్తా.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా నాన్నమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఈ వైపు పాతకాలం ఆడవాళ్లకి మామూలే. అంగిలి క్యాన్సర్‌తో పోయింది. కాబట్టి పొగాకు కంపెనీల తరఫున మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు.

మా బావ న్యూయార్క్‌లో ఉద్యోగం. రోజూ పెట్టెలు పెట్టెలు సిగరెట్లు కాల్చే మనిషి ఇ-సిగరెట్‌కి మారి వాటిని పూర్తిగా మానేశాడు, మా అక్క దేవుడికి మొక్కు కూడా తీర్చుకుంది. మన దేశంలో ఇ-సిగరెట్ అమ్మకూడదని 2019లో చట్టం రాకముందు, మా చిన్నాన్న కూతురి పెళ్లికి వచ్చాడు. కల్యాణమండపంలో ఓ మూల నిలబడి ఒకసారి పీల్చాడో లేదో మేనేజరు వచ్చి అందరి ముందూ కేకలేసి బయటికి పొమ్మన్నాడు. బయట జనరేటర్ పక్కన మా పెదనాన్నలు, వాళ్ల దోస్తులు బీడీలు ముట్టించుకుని కూర్చున్నారు, ఆ పొగలో కళ్లు మండిపోతున్నాయి, అందులో ఒకాయన "అదేటి బావూ ఆ గొట్టం, ఇది కాల్చు" అని బీడీ చేతిలో పెట్టాడు. బావ మొహమాటస్థుడు, పెద్దాయన ఇచ్చాడని తీసుకున్నాడు. నేను భోజనాల దగ్గర్నుంచి వచ్చి చూసేసరికి రెండోది ముట్టిస్తున్నాడు. "ఏటి బావా, మళ్లీ మొదలెట్టేసినావా" అంటే "అక్కడా ఇంతేరా, 2014 ఏప్రిల్ నుంచి దీన్నీ సిగరెట్ నిషేధంలో కలిపేశారు, బార్‌లోంచి బయటికొస్తే చుట్టూ సిగరెట్లోళ్లే" అన్నాడు. మా అక్క ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు ఆ మేనేజరుకి తెలీదు కదా.

తారు, కార్బన్ మోనాక్సైడ్ పుట్టేది పొగాకు కాలితేనే, ఇ-సిగరెట్‌లో కాలడమే లేదు, ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది. నికోటిన్ ఉంటుంది, అలవాటు పోదు, పిల్లలకి అమ్మితే జైల్లో వెయ్యండి, నేను కాదనను. కానీ ఇంగ్లండ్‌లో 2023లో సిగరెట్ మాన్పించడానికి పది లక్షల మందికి వేప్ (అంటే ఇ-సిగరెట్) కిట్లు ఫ్రీగా ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించింది, మన దగ్గరేమో అమ్మితే మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష వరకు ఫైను, అదే బస్టాండులో బీడీ కాల్చినోడికి ఎక్కువలో ఎక్కువ రెండొందలు, అదీ వసూలు చేయగా నేనైతే చూళ్లేదు. ఒడిశాలో గుట్కా 2013 నుంచి నిషేధం, మా వీధి కిళ్లీకొట్టుకి వచ్చి చూడండి దండలు వేలాడుతున్నాయి. గుడాకు, అంటే పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద, అదైతే పళ్లపొడి పక్కనే పెట్టి అమ్ముతారు, చిన్నపిల్లలు కూడా చిగుళ్లకి రుద్దుకుంటున్నారు, దాని మీద ఏ కౌన్సిలరూ నోరు విప్పడు.

ఆస్పత్రి, బడి, బస్సు లోపల వద్దంటే నేనూ ఒప్పుకుంటా. హోటల్లో, మండపంలో మాత్రం ఉండనివ్వాలో వద్దో దాని యజమానికే వదిలెయ్యాలి, బయటికి పంపాల్సి వస్తే కనీసం బీడీలోళ్ల దగ్గరికి కాకుండా వేరే చోటు చూపించాలి.