గోడ దగ్గర ఆగిన దారి

తల్లీ,

మీ యూనివర్సిటీకీ ఐదు దత్తత గ్రామాలకీ మధ్య సంబంధం ఎలా ఉందో కొలిచే పని నీకిచ్చారని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గర్వంగా అనిపించింది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

శాంపిల్ తీయడం, ప్రశ్నలను ముందు పదిళ్ళలో అడిగి సరిచూసుకోవడం నీకు తెలిసినవే. ఊళ్ళలో సేవ చేసే ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలు ఏడాదికి 120 గంటలు పూర్తి చేశారా, కాలేజీలు ఊళ్ళను దత్తత తీసుకునేలా 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఏమేం జరిగాయి, ఈ లెక్కలు ఆఫీసులోనే దొరుకుతాయి. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ళకు ఇచ్చే లెక్కలూ ఇలాంటివే. మనం ఎంత తిరిగామో వాటిలో తెలుస్తుంది, ఊరు మన గురించి ఏమనుకుంటోందో తెలియదు.

నేను ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా ఉన్నప్పుడు జీపు దిగి, సర్పంచ్‌ని పక్కన పెట్టుకుని "మా సేవలు బాగున్నాయా?" అని ఇల్లిల్లూ అడిగాను. "బాగున్నాయి సార్" అన్నారు. టిక్కులు పెట్టుకున్నాను. చివరింటి ముసలామె మాత్రం నా చెయ్యి పట్టుకుని మా క్యాంపస్ కాంపౌండు గోడ దాకా నడిపించింది. గడ్డి మొలవని సన్నటి కాలిబాట తిన్నగా వచ్చి గోడకు తగిలి ఆగిపోయింది. "గొడ్లని చెరువుకు తోలే దారి బాబూ. ఇప్పుడు రోడ్డు చుట్టూ తిరుగుతున్నా. నీ కాయితంలో ఇది రాయడానికి చోటుందా?" అంది. లేదు. అంచున కూడా రాయలేదు నేను. రిపోర్టు ఇచ్చాను, మెచ్చుకున్నారు. మరుసటేడు క్యాంపుకి వెళ్తే ఆమె మంచినీళ్ళిచ్చింది. గోడ మాట ఎత్తలేదు. చెప్పి లాభం లేదని తెలిసిపోయింది ఆమెకు.

అందుకే చెబుతున్నా, సర్పంచ్‌ని వెంటబెట్టుకోకు. కూలికెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చాక వెళ్ళు. కిందటేడు మీ గేటు లోపలికి పనిమీద వచ్చారా, వాచ్‌మన్ ఏమన్నాడు, చేస్తామన్నది చేశారా అని అడుగు. అవే మీ ప్రొఫెసర్లనీ అడుగు. ఆ రెండు జవాబులకూ ఎంత తేడా ఉందో అదే నీ కొలత. రిపోర్టు అచ్చుకు వెళ్ళకముందే రచ్చబండ దగ్గర చదివి వినిపించు. వాట్సాప్‌లో ఫారం పంపి చేతులు దులుపుకున్నావో, నీతో మాట్లాడను!

ఎండలో తినకుండా తిరగకు, బంగారం. నీకు తలనొప్పి వస్తుందని నాకు తెలుసు.

ప్రశ్నాపత్రం తయారయ్యాక నాకు పంపు. చివర్లో ఒక పేజీ ఖాళీగా వదిలావో లేదో చూడాలి.

నీ పెదనాన్న