వరుస మార్చు తమ్ముడూ

తమ్ముడూ,

పుస్తకంగా వేద్దామని నువ్వు పంపిన పన్నెండు కథలూ చదివాను. బాగోగులు తర్వాత మాట్లాడుకుందాం, ముందు వరుస సంగతి. నీకు బాగా నచ్చినవి మూడూ ముందే పెట్టేశావని చూడగానే తెలిసిపోయింది. కర్ణాటక సంగీత కచేరీలో ఎవరైనా తోడి లాంటి బరువైన రాగంతో మొదలుపెడతారా?

ఒకసారి విజయవాడలో ఒక గాయని కచేరీకి ముందు గదిలో కూర్చుని క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో పాటల పట్టీ రాసుకుంటుంటే పక్కనే ఉన్నాను. మృదంగం ఆయన తొంగి చూసి, "నాలుగూ ఆదితాళమేనా అమ్మా, నేనొక కునుకు తీయనా?" అన్నాడు. ఆవిడ నవ్వి, మూడోది కొట్టేసి మిశ్రచాపు అనే వేరే తాళంలో ఉన్న సావేరి రాగం కీర్తన రాశారు. ఇక్కడో చిక్కు. దాని ముందున్నది మాయామాళవగౌళ రాగం, సావేరికి తల్లి రాగం అదే. ఆ రెంటినీ ఆనించి పాడితే, ఎంత బాగా పాడినా, రెండోది ఇందాకటిదే ఇంకా సాగుతున్నట్టు ఉంటుంది. చివరికి అసలు మధ్యమమే ("మ" స్వరమే) లేని మోహన రాగాన్ని మధ్యలో వేశారు. సావేరి చెడ్డ రాగమని కాదుగా, చెవిలో అంతకుముందు ఏం మిగిలిందన్నదే లెక్క.

ఇప్పుడు మనం వినే కచేరీ పద్ధతిని గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) స్థిరపరిచారని చెప్తారు. మొదట వర్ణం. గొంతు వేడెక్కాలి, వయొలిన్, మృదంగం కుదురుకోవాలి, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటుంటారు. తర్వాత వినాయకుడి కీర్తన, ఒకటి రెండు చురుకైనవి, ఒకటి నిదానమైనది. ప్రధానం సగం దాటాకే వస్తుంది: ఏ కాంభోజి రాగమో, భైరవి రాగమో, ఆలాపన, నెరవల్ (ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం), స్వరాలు, తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) కలిపి గంట దాకా సాగొచ్చు (తని మొదలవగానే కాఫీకి లేచేవాళ్ళని నేను క్షమించలేను). దానికి ముందు చాలామంది ఐదు నిమిషాల పరుగు కీర్తన ఒకటి వేస్తారు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కదనకుతూహల రాగంలో కట్టిన కీర్తన, "రఘువంశ సుధాంబుధి", అలాంటి చోట ఎన్నిసార్లు విన్నానో. నిద్రమత్తు వదిలిస్తుంది, పెద్ద రాగానికి చోటు చేసిపెడుతుంది. ప్రధానం అయ్యాక ఇంక బరువు ఎత్తరు. పదం, జావళి, తిల్లానా లాంటి తేలికపాటివి, చివర మంగళం, అంతే.

నా మొదటి పుస్తకంలో నేను నాలుగు చావు కథలు వరసగా పెట్టాను, చాలా గొప్ప పని చేశాననుకున్నాను కూడా. మా బావ మూడో దాని దగ్గర ఆపేసి, "ఇంకెంతమంది పోతార్రా?" అని అడిగాడు. నాలుగోది అన్నిటికంటే మంచి కథ, దాన్ని ఆయన ఇప్పటికీ చదవలేదు.

నీ బావి కథ ముప్పై పేజీలు, అదే నీ ప్రధానం. దాన్ని ఎనిమిదో చోటికి తీసుకుపో. దాని ముందు నాలుగు పేజీల ఆటో కథ వెయ్యి. అత్తాకోడళ్ళ కథలు రెండూ పక్కపక్కన వద్దు, మధ్యలో ఆడవాళ్ళెవరూ లేని ఆ లారీ కథ పెట్టి చూడు. మొదటికి పెళ్ళి భోజనాల కథ చాలు. పెన్సిల్‌తోనే రాసుకో, మళ్ళీ మారుస్తావు. మార్చాక ఫోన్‌కి పీడీఎఫ్ కాకుండా ప్రింటు తీసి పంపు, నా కళ్ళు నీ కళ్ళలాంటివి కావు.

మీ అన్నయ్య