గాలికి ఒక రోజు, ఇంజన్‌కు ఒక రోజు ఆగిన గ్రీసు ఫెర్రీ: మాకేమైనా వస్తుందా?

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఆగస్టులో అమ్మానాన్నలను హైదరాబాద్ నుంచి రప్పించి గ్రీసు దీవులు చూపించాం. నాక్సోస్ దీవి నుంచి ఆథెన్స్ పక్కనున్న పిరేయస్ పోర్టుకు బయల్దేరాల్సిన రోజు గాలుల వల్ల ఓడలన్నీ ఆపేశారు. కంపెనీ మర్నాటి ఉదయానికి టికెట్లు మార్చి ఇచ్చింది. మర్నాడు గాలి తగ్గింది, మిగతా కంపెనీల ఓడలు కదిలాయి, మాది మాత్రం ఇంజన్ సమస్యతో ఆగిపోయింది. మూడో రోజు అదే కంపెనీ ఓడలో వెళ్లాం. రెండు రాత్రుల హోటల్ ఖర్చూ మాదే. అమ్మానాన్నలు ఆథెన్స్ నుంచి హైదరాబాద్ వెళ్లాల్సిన విమానం తప్పిపోయింది, వాళ్ల వీసా గడువు కూడా ఒక రోజు దాటింది. మాతో వచ్చిన మరిది వాళ్లు రెండో రోజే ఈ టికెట్లు వదులుకుని వేరే ఫెర్రీలో వెళ్లారు. వాళ్లకు డబ్బు కాకుండా వోచర్ ఇస్తామంటున్నారు. ఎప్పుడు అడిగినా ‘వాతావరణం వల్ల జరిగింది, మీకేమీ రాదు’ అనే జవాబు. నిజంగా ఏమీ రాదా? (మ్యూనిక్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వస్తుంది. కంపెనీ రెండు వేర్వేరు కారణాలను ఒకటిగా కలిపేసి మీకు జవాబు చెబుతోంది. మీరు చేయాల్సిన మొదటి పని వాటిని విడదీయడం. ఎందుకంటే మీకు ఏం వస్తుందో ఓడ ఎందుకు ఆగిందన్న దాన్ని బట్టే తేలుతుంది.

యూరోపియన్ యూనియన్‌లోని పోర్టులో ఓడ ఎక్కే ప్రయాణికుల హక్కులకు రెగ్యులేషన్ 1177/2010 అనే చట్టం ఉంది. 2012 డిసెంబర్ 18 నుంచి అమల్లో ఉంది. మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నది దీనికి అనవసరం. మీ అమ్మానాన్నలకు కూడా గ్రీకు పౌరుడికి ఉన్నంత హక్కే ఉంది. టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఏం రాసుకున్నా ఆ హక్కులను కంపెనీ తగ్గించలేదు.

ముందు మొదటి రోజు సంగతి. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి బలంగా వీస్తుంది. అది హద్దు దాటితే ఓడలు కదలకుండా అధికారులు నిషేధం పెడతారు. దాన్ని అక్కడ అపగోరెవ్తికో అంటారు. ఆ నిషేధాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. 2000 సెప్టెంబర్‌లో ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఫెర్రీ, మీరున్న నాక్సోస్‌కు పక్కనే ఉన్న పారోస్ దగ్గర, గాలి జోరుగా ఉన్న రాత్రి రాళ్లకు గుద్దుకుని మునిగి 80 మందికి పైగా చనిపోయారు. కాబట్టి ఆ రోజు ఓడ ఆపినందుకు కంపెనీని తప్పుపట్టలేం. చట్టం కూడా ఇలాంటి వాతావరణంలో హోటల్ ఖర్చు నుంచి, ఆలస్యానికి ఇచ్చే పరిహారం నుంచి కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. మొదటి రాత్రి హోటల్ డబ్బు అడగకండి.

అయితే మినహాయింపు అంతవరకే. గాలి వల్ల ఆగినా సరే, రద్దయినప్పుడు లేదా బయల్దేరడం 90 నిమిషాలు దాటి ఆలస్యమయ్యేట్టు ఉన్నప్పుడు, వీలున్నంతలో తినడానికి, తాగడానికి ఉచితంగా ఇవ్వాలి. అదనపు ఖర్చు లేకుండా వీలైనంత త్వరగా గమ్యం చేర్చడమా, టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వడమా అన్నది ప్రయాణికుడు ఎంచుకోవాలి, కంపెనీ కాదు. ‘వాతావరణం, ఏమీ రాదు’ అన్న మాట మొదటి రోజుకు కూడా పూర్తిగా నిజం కాదు.

రెండో రోజు కథ వేరు. నిషేధం ఎత్తేశారు, పక్క కంపెనీ ఓడలు వెళ్లాయి. మీ ఓడ ఇంజన్ కోసం ఆగింది. హోటల్ విషయంలో మినహాయింపు వాతావరణానికే ఉంది, ఇంజన్‌కు లేదు. ఆ మాటకొస్తే నావికుల సమ్మెకు కూడా లేదు. ఆ రాత్రి బస కంపెనీ బాధ్యతే. ఒక్కొక్కరికి రాత్రికి 80 యూరోల వరకు పరిమితి పెట్టుకునే వీలు వాళ్లకుంది కాబట్టి, మీ నలుగురికి 320 యూరోలు దాటకుండా బిల్లు మేరకు అడగండి.

దానితోపాటు ఆలస్యానికి పరిహారం. నాక్సోస్ నుంచి పిరేయస్‌కు మామూలు ఓడలో ఐదు గంటలు పైనే పడుతుంది. నాలుగు గంటలు దాటి ఎనిమిది గంటల లోపు ప్రయాణానికి, చేరడం రెండు గంటలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, నాలుగు గంటలు దాటితే 50 శాతం ఇవ్వాలి. మీకు దాదాపు ఒక రోజే పోయింది కాబట్టి 50 శాతం. ‘అసలు మొదలు గాలే కదా’ అని కంపెనీ వాదించవచ్చు. నా అభిప్రాయంలో ఆ వాదన నిలవదు. మర్నాటి ఉదయానికని వాళ్లే టికెట్ మార్చి ఇచ్చారు, ఆ ప్రయాణం ఆగింది ఇంజన్ వల్ల. మామూలు నిర్వహణలో వచ్చే సాంకేతిక లోపం అసాధారణ పరిస్థితి కాదని యూరోపియన్ కోర్టు విమానాల విషయంలో 2008లోనే చెప్పింది. కొత్త ఓడ తయారై రావడం ఆలస్యమైన ఐరిష్ ఫెర్రీస్ కేసులో 2021లో ఓడల మీద కూడా అదే ధోరణిలో తీర్పు ఇచ్చింది.

మీ మరిది వాళ్లు ప్రయాణం వదులుకున్నారు కాబట్టి ఆలస్యపు పరిహారం వాళ్లకు రాదు. టికెట్ డబ్బు మాత్రం పూర్తిగా, ఏడు రోజుల్లో, నగదుగానో బ్యాంకు ద్వారానో రావాలి. వాళ్లు ఒప్పుకుంటేనే వోచర్. దయచేసి వాళ్లను దేనిమీదా ‘ఓకే’ నొక్కొద్దనండి. వేరే ఫెర్రీకి ఎక్కువ పెట్టి ఉంటే ఆ తేడా కూడా అడగమనండి. ఎంచుకునే అవకాశం కంపెనీ ఇవ్వలేదని రుజువు చేయగలిగితే అది బలమైన వాదనే.

తప్పిపోయిన విమానం దగ్గర మాత్రం మీకు ఆశ పెట్టలేను. ఫెర్రీ, విమానం వేర్వేరు టికెట్లు కాబట్టి ఎయిర్‌లైన్‌కు బాధ్యత లేదు. ఫెర్రీ కంపెనీ మీద గ్రీకు చట్టం కింద నష్టానికి దావా వేసే దారి ఉంది కానీ, మొదటి రోజు నిషేధంతోనే విమానం తప్పిందని వాళ్లు తేల్చేస్తే కష్టం. ముందుగా అమ్మానాన్నల ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ చదవండి. వీసా కోసం తప్పనిసరిగా తీసుకునే 30,000 యూరోల కవర్ వైద్యానికి సంబంధించినది. ‘మిస్డ్ కనెక్షన్’, ‘ట్రిప్ డిలే’ అన్నవి విడిగా ఉన్నాయేమో చూడండి.

ఫిర్యాదుకు గడువు ప్రయాణం జరగాల్సిన రోజు నుంచి రెండు నెలలే. టికెట్ అమ్మిన ఏజెంట్‌తో మాటలతో కాలం గడపకండి, ఓడ కంపెనీకే రాతపూర్వకంగా పంపండి. రెండు రోజుల కారణాలను రెండు పేరాలుగా రాయండి. నాక్సోస్ పోర్టు అథారిటీకి, అంటే లిమెనార్హియోకు, మెయిల్ పెట్టి నిషేధం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎత్తేశారు అన్నది రాతలో అడగండి. మీ కేసుకు ప్రాణం ఆ కాగితమే. కంపెనీ నెలలోపు తన వైఖరి, రెండు నెలల్లోపు చివరి జవాబు చెప్పాలి. చెప్పకపోతే మీరు జర్మనీలో ఉంటున్నారు కాబట్టి కేల్‌లోని యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్ ఉచితంగా సాయం చేస్తుంది. 5,000 యూరోల లోపు వివాదాలకు యూరోపియన్ స్మాల్ క్లెయిమ్స్ విధానం కూడా ఉంది.

చివరిగా వీసా. తమ చేతుల్లో లేని కారణంతో దేశం వదల్లేకపోయిన వారికి షెంగెన్ వీసాల నియమావళి అయిన వీసా కోడ్ 33వ ఆర్టికల్ కింద గడువు ఉచితంగా పొడిగించాలి. గడువు ముగిసేలోపు అక్కడే అధికారులను అడిగి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఆ దారి లేదు. ఈసారి అమ్మానాన్నలు వీసాకు దరఖాస్తు చేసినప్పుడు ఆ ఒక్క రోజు గురించి వాళ్లే ముందుగా ఒక ఉత్తరంలో రాయాలి. పోర్టు అథారిటీ కాగితం, రెండు ఫెర్రీ టికెట్లు, తప్పిన విమానం టికెట్, కొత్త టికెట్ జతచేయాలి. అందుకని వాళ్ల బోర్డింగ్ పాస్‌లు కూడా పారేయకుండా దాచమని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.