రోడ్డు లేని ఊరు సొంతంగా నిలబడాలంటే ముందు గాదె తాళం సంగతి తేల్చుకోండి

పది, ఇరవై కుటుంబాలు ఎక్కడో అడవి అంచున ఊరు కట్టుకుని ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలంటే పాతవాళ్ల నుంచి ఏం నేర్చుకోవాలని అడిగారు. ఇక్కడ అందరూ సోలార్, బోరు, విత్తనాలు అంటున్నారు. అవి కొనుక్కోవచ్చండి. ఉమ్మడి సొత్తును ఎవరు, ఎలా చూసుకోవాలన్నది మాత్రం కొనలేం.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, మహారాష్ట్రే గానీ ఇంట్లో తెలుగే. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన పడకముందు అవతలి ఒడ్డుకు పడవే దిక్కు, వానాకాలం వాగులు పొంగితే అంతే సంగతులు. శ్రావణానికి ఇంట్లో గింజలు అయిపోతే షావుకారు దగ్గర నాగుకు, అంటే గింజల అప్పుకు, తెచ్చుకునేవాళ్లు, బస్తాకి బస్తాన్నర కొలవాలి. ఆ బాధ పడలేక మా వాడలో ఇరవై ఇళ్లవాళ్లం తలా ఒక బస్తా వేసి ఉమ్మడి గాదె పెట్టాం. మొదటి ఏడు బ్రహ్మాండం. రెండో ఏడు తాళం చెవి ఉన్నాయన తన వాళ్లకు పుస్తకంలో రాయకుండా కొలిచాడు, కొందరి బాకీలు పెన్సిల్‌తో రాసి సగం చెరిపేసి ఉన్నాయి, అడిగితే గొడవ. మూడో ఏటికి ఎలుకలు తప్ప ఆ గాదె వైపు ఎవరూ పోలేదు.

తర్వాత ఇదే జిల్లాలో, మాకు 200 కిలోమీటర్ల పైన ఉన్న మెంఢా లేఖా చూడ్డానికి వెళ్లా. సుమారు వంద గడప ఉన్న గోండుల ఊరు. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సాధించారు, 2011లో వెదురు రవాణా పర్మిట్లు ఇచ్చే అధికారం గ్రామసభ చేతికే వచ్చింది. ‘దిల్లీ, ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు’ అనేది వాళ్ల మాట. అక్కడ గ్రామసభ నిర్ణయాలకు ఓట్లు ఉండవు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుతూనే ఉంటారు. నిజం చెప్పాలంటే చూసేవాడికి విసుగే. కానీ ఒప్పుకున్నాక వెనక నుంచి గొణిగేవాడు ఉండడు.

దీనికి ఎదురుగా ఒడిశాలో మల్కన్‌గిరి ఉంది. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద బెంగాలీ శరణార్థులను తెచ్చి పెట్టారు, భూమి, అప్పు అన్నీ పైనుంచే, ఊళ్లకు పేర్లు కూడా ఎంవీ (మల్కన్‌గిరి విలేజ్) అని నంబర్లే. 1978లో వేలమంది దండకారణ్యం వదిలేసి బెంగాల్‌లోని సుందర్‌బన్ వైపు వెళ్లిపోయారు. నేల, నీళ్ల ఇబ్బందులు ఉన్నాయి నిజమే, కానీ నంబరు ఊరు నాది అని ఎవరికి అనిపిస్తుంది?

మేం మళ్లీ గాదె పెట్టాం. ఈసారి రెండు తాళాలు, చెవులు రెండు ఇళ్లలో, రెండూ ఆడవాళ్ల దగ్గరే. సంక్రాంతి నాడు బాకీలన్నీ అందరి ముందూ చదవాలి. పోయిన సంక్రాంతికి చదివితే నా పేరు మీదే ఇరవై కిలోలు తేలాయి.